స్తంభం మీద పసుపు గీత

పైడమ్మకి కోపం వచ్చిందంటే ముందు చెప్పులు విడిచి పక్కన పెడుతుంది, తర్వాత కొంగు బిగించి నడుముకి దోపుతుంది, ఆ తర్వాతే నోరు తెరుస్తుంది. రాయపూర్ డబ్ల్యూఆర్ఎస్ కాలనీ కూరల బజారులో ఆమెని ఎరిగినవాళ్లందరికీ ఈ వరస తెలుసు. చెప్పులు విడిచిందంటే చాలు, బేరం ఆపేసి ఇచ్చిన కాయలు సంచిలో వేసుకుని వెళ్లిపోతారు. 2018 ఏప్రిల్‌లో మాత్రం ఆ చెప్పులు ఆమె కాళ్లకి ఉన్న రోజులే తక్కువ. కళ్లెదుట కాలవలో నీళ్లున్నాయి, పక్కనే పొలం ఎండిపోతోంది, రెంటికీ మధ్య ఒక ఇనప తలుపు, దానికో తాళం. మండదా మరి?

ఆమెది విజయనగరం దగ్గర పల్లెటూరు. పదిహేడో ఏట మేనమామ సూర్యారావుని చేసుకుని, అతని వెనకే రైలెక్కి ఇక్కడికి వచ్చింది. సూర్యారావు వాగన్ల మరమ్మతు కార్ఖానాలో పెయింటరు. బాగు చేసిన ప్రతి వాగన్ పక్కనా రేకు అచ్చు పెట్టి, ఎప్పుడు బాగైందో, మళ్లీ ఎప్పుడు రావాలో తేదీలు వేయడం అతని పని. ముప్పై ఏళ్లు అదే చేసి చేసి ఆ జబ్బు ఇంటికి కూడా తెచ్చుకున్నాడు. ఆవకాయ జాడీకి తేదీ, గొడుగు పిడికి తేదీ, కొత్త బకెట్టు కొంటే దాని అడుగున తేదీ. ఒకసారి చీపురు కట్టకి కూడా వేశాడు. ఆ చీపురుతోనే పైడమ్మ అతన్ని గుమ్మం దాకా తరిమిందని కాలనీలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం కొత్తగా ఏర్పడిన మరుసటి ఏడు, ధర్సీవా ఊరు దాటాక కాలవ చిట్టచివర వీళ్లు ఎకరం పాతిక సెంట్లు కొన్నారు. ఫ్యాక్టరీల నల్ల పొడి ఆకుల మీద పడే చోట, అదీ కాలవ తోకలో, భూమి కొన్నారని తోటి రైల్వేవాళ్లు నవ్వారు. పైడమ్మ ఆ నవ్వులేమీ పట్టించుకోలేదు. పుట్టింటి నుంచి చీర మడతలో కట్టుకొచ్చిన దోస గింజలు అందులో నాటింది. మన పప్పులో వేసుకునే పసుపుపచ్చ దోసకాయ ఇక్కడి బజారులో దొరకదు, ఇక్కడివాళ్లకి అక్కర్లేదు. దాంతో రెండు మూడేళ్లలోనే కాలనీలో తెలుగు వాళ్లంతా ఆమె బుట్ట కోసం కాచుకు కూర్చునే పరిస్థితి వచ్చింది. ఏటా కొన్ని పాదుల కాయలు కోయకుండా పండనిచ్చి, మరుసటి ఏటికి విత్తనం తీసుకునేది. పుట్టింట్లో ఆ విత్తనం ఇప్పుడు లేదు. అక్కడి పొలం ప్లాట్లయిపోయింది, విత్తనం దాచే అక్క పోయింది. పదిహేడేళ్లుగా ఈ మట్టికి అలవాటు పడిన ఆ గింజ లోకం మొత్తంలో ఈ ఎకరం పాతికలోనే ఉంది. ఈ ఏడు విత్తనానికి విడిచిన ఇరవై పాదులకి ఇంకొక్క తడి కావాలి. అది అందకపోతే కాయ పండకుండానే తీగ మాడిపోతుంది.

పోయినేడు వర్షాకాలం మొహం చాటేసింది. బోరు మార్చిలోనే గాలి కక్కింది. చుట్టూ ఫ్యాక్టరీల బోర్లు పాతాళం దాకా దిగి ఉంటే ఈమె రెండు వందల అడుగుల బోరుకి నీళ్లెక్కడివి? ఇక మిగిలింది కాలవ. డ్యాము నుంచి వేసవిలో ఒకసారి నీళ్లు వదులుతారు గానీ అవి పొలాలకి కాదు, నిస్తారీకి. అంటే ఊళ్లవాళ్లు స్నానాలు చేయడానికి, గుడ్డలుతకడానికి, గొడ్లు తాగడానికి చెరువులు నింపే నీళ్లు. ముందు చెరువు నిండాలి. నిండాక ఇంకా రోజులు మిగిలితే, కాలవ చివర కూరగాయల మడులకి వంతుల ప్రకారం తడి ఇస్తారు. నిండకముందు ఎవరి పొలానికీ చుక్క వదలరు. ఈ కట్టుబాటు పైడమ్మకి తెలుసు. కట్టుబాటు మీద ఆమెకి కోపం లేదు. ఆమె కోపం గీత మీద.

గీత కథ చెప్పాలి. వీళ్ల పొలం పక్క ఊరి చెరువుకి పెళ్లయింది. ఛత్తీస్‌గఢ్‌లో చెరువులకి పెళ్లి చేస్తారు. తవ్వించిన కొన్నాళ్లకి మేళతాళాలతో తంతు జరిపించి, నీళ్లలో ఒక సాల చెక్క స్తంభం పాతుతారు. పెళ్లయిన చెరువుకి గుర్తు అది. ఈ చెరువులో స్తంభం గుండెల లోతు నీళ్లలో ఉంది. ప్రతి వేసవిలోనూ ఈ స్తంభం దగ్గరే తగువు. చెరువు నిండిందని పొలాలున్నవాళ్లంటారు, నిండలేదని పొలాలు లేనివాళ్లంటారు. నాలుగేళ్ల కిందట పెద్దలకి విసుగొచ్చి సూర్యారావుని పిలిచారు. ఇతనికి ఇక్కడ పొలమున్నా ఊరివాడు కాడు, ఏ వర్గమూ కాడు, పైగా రైల్వే పెయింటరు. వానల దాకా చెరువు ఎండకుండా ఉండాలంటే నీళ్లు ఎంత దాకా రావాలో ముసలివాళ్లనందరినీ అడిగి, అక్కడ గీత గీయమన్నారు. సూర్యారావు మూడు రోజులు తిరిగి, అందరినీ అడిగి, వాగన్ మీద వేసినట్టే చుట్టూ సూటిగా పసుపు గీత గీశాడు. కింద నల్ల అంకెలతో నెలా, సంవత్సరమూ అచ్చు వేశాడు. ఏటా నీళ్లు వదలక ముందు వెళ్లి రంగు కొత్తగా వేసి రావడం అతని వంతైంది. ఊళ్లో అతనికి ఎక్కడలేని మర్యాద. నీళ్లు గీతని తాకితే నిండినట్టు, తాకకపోతే లేనట్టు. తగువులు పోయాయి.

ఈ ఏడు నీళ్లు వదిలి పన్నెండు రోజులైంది. గీతకి బెత్తెడు కిందకొచ్చి ఆగాయి. మంగళవారం బెత్తెడే, బుధవారం బెత్తెడే. శనివారం సాయంత్రానికి కాలవ కట్టేస్తారు.

బుధవారం పొద్దున్న పైడమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని కాలవ గట్టు వెంబడి పైకి నడిచింది. రెండు గంటలు నడిచేసరికి తొమ్మిది పంపులు లెక్క తేలాయి. పైఊళ్లవాళ్లు కాలవలోకి పైపులు దించి, కట్టుబాటుకి వ్యతిరేకంగా వరి పెట్టుకుని, పట్టపగలు తోడుకుంటున్నారు. నీళ్లెందుకు తోడుతున్నారని ఒకడిని అడిగితే, అవి కాలవ నీళ్లు కాదు, గట్టు ఊట అన్నాడు. పైపు మూతి కాలవలో మునిగి ఉంది, ఆమె అతని మొహం వంకా పైపు వంకా మార్చి మార్చి చూసింది. అక్కణ్ణించి బస్సెక్కి నీటిపారుదల వాళ్ల ఆఫీసుకి వెళ్లింది. అక్కడి గుమాస్తా బాబు ఓపిగ్గానే విన్నాడు. పంపుల సంగతి రేపు చూస్తామన్నాడు. అర్జీ రాసిమ్మన్నాడు. ఆమెకి అక్షరాలు రావు, అంకెలే వచ్చు. ఎవరి చేతనో రాయించి ఇస్తే, ఇది హిందీలో ఉండాలని, మరీ ఇంత పొడుగు ఉండకూడదని మళ్లీ రాయించుకురమ్మన్నాడు. అంతా అయ్యాక చల్లటి నీళ్ల గ్లాసు ఇప్పించాడు. ఆమె గుటగుటా తాగి ఆ గ్లాసు బల్ల మీద ఠక్కున పెట్టింది. ఇంత మర్యాదగా ఏమీ చేయకుండా ఉండడం ఎక్కడ నేర్చుకుంటారో వీళ్లు!

ఆ సాయంత్రం ఇంటికొచ్చి మొగుడి మీద పడింది. కాలనీ వెనక బస్తీలో రెండు గదుల ఇల్లు వాళ్లది. సూర్యారావు అరుగు మీద కూర్చుని రేడియో విప్పి తుడుస్తున్నాడు.

"మావా, ఆ గీత బెత్తెడు కిందకి దించీ," అంది. "రాత్రికి రాత్రే దించమనడం లేదు. రేపు పొద్దున్నెల్లి, రంగు ఎలిసిపోయిందని సెప్పి మళ్లీ గీసీ. ఎవులు సూస్తారు?"

సూర్యారావు రేడియో మీంచి తల ఎత్తలేదు. "ఆ పని నాను సెయ్యను పైడీ. వాగన్ మీద తప్పు తేదీ ఏసి పంపితే ఎక్కడో దగ్గర సక్రం ఊడిపోద్ది."

"ఊడితే ఊడనీ. నా పాదులు మాడిపోతన్నాయి. అసలు నువ్వు ఆ సెరువుకి మొగుడివా, నాకు మొగుడివా?"

అతను రేడియో ముక్కలన్నీ గుడ్డలో మూటకట్టి లోపల పెట్టి, పండరీ దాకా వెళ్లొస్తానని మోపెడ్ తీశాడు. పండరీ బట్టల బజారులో అతనికి ఏ పనీ లేదని ఆమెకి తెలుసు. తప్పించుకుపోవడానికే ఆ వంక. సమాధానం లేనప్పుడు మోపెడ్ ఎక్కే మగవాణ్ణి ఏమని తిట్టాలో తెలియక ఆమె వంటింట్లో గిన్నెలు దడదడలాడించింది. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఇంత మొండితనం అతనిలో ఎన్నడూ చూడలేదు. పోయినేడు ఇదే ఏప్రిల్‌లో ఇలాగే నీళ్లు తక్కువైనా, అతన్ని ఇలా అడగాల్సిన పని పడలేదు. ఏదో దేవుడి దయ వల్ల ఆ ఏడు నీళ్లు గీత దాకా వచ్చాయి, పొలానికి తడి అందింది, దోసకాయలు విరగకాశాయి. తన చేతి చలవేనని బజారులో అందరికీ చెప్పుకుంది కూడా.

గురువారం బిసాహు కలిశాడు. కాలవ తలుపు తాళం ఇతని దగ్గరే ఉంటుంది. అతనిదీ పక్క మడే, వంకాయ తోట. అతనికి సూర్యారావు కాకా, అంటే బాబాయి; పైడమ్మ కాకీ. అతను అటూ ఇటూ చూసి, కాకా గీసిన గీతే కదా కాకీ, కాస్త అటూ ఇటూ అయితే కాకాని ఎవరు అడుగుతారు అన్నాడు. నీళ్లు తాకినట్టు కనబడితే చాలు, పెద్దలని గట్టు మీదికి తీసుకొచ్చి చూపించే పూచీ తనదన్నాడు. శుక్రవారం మధ్యాహ్నం తలుపు ఎత్తితే శనివారం సాయంత్రం దాకా ఇద్దరి మడులూ తడుస్తాయి. ఆమె కాదనలేదు. పొలానికి వెళ్లి విత్తనపు పాదుల దగ్గర కూర్చుంది. ఆకులు మధ్యాహ్నానికే వేలాడిపోతున్నాయి. కాయలు చేతి పిడికిలంత అయ్యాయి గానీ రంగు తిరగలేదు. ఒక కాయ మీద నల్ల పొడి కొంగుతో తుడిచింది. తుడిచాక ఏడుపొచ్చింది, కోపంగా ఏడ్చింది.

శుక్రవారం సూర్యారావు పింఛను కాగితాల పని మీద బ్యాంకుకి వెళ్లగానే, అతని ట్రంకు పెట్టె తెరిచి పసుపు డబ్బా, నల్ల డబ్బా, బ్రష్షు తీసి సంచిలో వేసుకుంది. ఒంటిగంట దాటాక ఆ ఎండకి చెరువు దగ్గర గొడ్డు కూడా ఉండదు. మెట్ల మీద చెప్పులు విడిచింది. కొంగు దోపింది. ఈసారి నోరు తెరవకుండా నీళ్లలోకి దిగింది. సంచి నెత్తిన పెట్టుకుని, బురదలో కాళ్లు తీసి తీసి వేస్తూ స్తంభం దాకా వెళ్లింది. చిన్నప్పుడు ఊరి చెరువులో తామర దుంపలకి దిగిన అలవాటు ఉంది కాబట్టి భయం లేదు. పని తేలికే. పై గీత మీద నల్ల రంగు పూయాలి, బెత్తెడు కిందన పసుపు గీత గీయాలి. ఎన్ని గీతలు గీస్తే ఒక దోసకాయ అవుతుంది, ఈ మాత్రం చేయడానికి ఇంత ఆలోచనా అని మొగుణ్ణి మనసులో తిడుతూ, బెత్త పెట్టి కొలిచి, అక్కడ నీళ్లలో కొట్టుకొచ్చి అంటుకున్న నాచు తీయడానికి గోటితో గీకింది.

నాచు కింద పసుపు కనిపించింది.

ముందు డబ్బా మీంచి వేలికి అంటుకున్న రంగేమో అనుకుంది. మళ్లీ గీకింది. సూటిగా, వాగన్ మీద గీసినంత సూటిగా ఒక పాత గీత. ఉలితో చెక్కేయాలని చూశారు గానీ చెక్క పగుళ్లలో రంగు మిగిలిపోయింది. దాని కింద నీళ్లలో మునిగి ఉన్న చోట చేత్తో తడిమింది. నీళ్లు చేత్తో పక్కకి తోసి చూస్తే అంకెలు. సగం చెరిగాయి, సగం ఉన్నాయి. నాలుగు, గీత, పదిహేడు. పోయినేడు ఏప్రిల్.

పైడమ్మ ఆ అంకెల మీద వేలు పెట్టి మళ్లీ మళ్లీ చదివింది. పోయినేడు దేవుడు దయ చూపించలేదు. మావ దించాడు. ఆమె ఇప్పుడు గీయబోయిన చోటే, ఆమె కోసమే ఆ గీత గీశాడు. ఊరంతా నమ్మిన గీతని దొంగచాటుగా దించి, ఆ దొంగతనం మీద కూడా తేదీ వేశాడు. ఈ ఏడు వచ్చి ఉలితో చెక్కి, పాత చోటనే మళ్లీ గీశాడు. పోయినేడు మే చివరి వారానికే చెరువు అడుగు బీటలు వారడం ఆమెకి గుర్తొచ్చింది. చెరువు పక్కనే ఉండే ఫిర్‌తిన్ బాయి, తన పొలంలో కలుపు తీసే మనిషి, నెత్తిన రెండు బిందెలు పెట్టుకుని హైవే బోరింగు దాకా నడిచేది. కలుపుకి ఆలస్యంగా వచ్చిందని పైడమ్మ ఆమెని కసురుకుంది కూడా. 

"కాకీ, అక్కడేం చేస్తున్నావ్?"

గట్టు మీద ఫిర్‌తిన్ బాయే. ఉతకాల్సిన గుడ్డల మూట చంకన ఉంది. సంచిలో బ్రష్షు పిడి బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తోంది. పైడమ్మ దాన్ని లోపలికి తోసింది. 

"గీత చూడ్డానికి దిగాను," అంది, తనకొచ్చిన ఛత్తీస్‌గఢీలో. "ఇంకా బెత్తెడు తక్కువుంది. చెరువు నిండలేదు."

గట్టెక్కి వచ్చేటప్పటికి బిసాహు తాళం చెవి పట్టుకుని చెట్టు నీడన ఎదురు చూస్తున్నాడు. చెప్పులు వెతుక్కుని తొడుక్కుని, అతనితోనూ అదే మాట చెప్పింది. అతను నోరు తెరిచేలోపే వెళ్లిపోయింది. ఆ ఊళ్లో ఆమె చెప్పులు తొడుక్కుని మాట్లాడడం అతను మొదటిసారి చూసి ఉంటాడు.

ఇంటికి వచ్చేసరికి సూర్యారావు తెరిచి ఉన్న ట్రంకు పెట్టె ముందు కూర్చుని ఉన్నాడు. ఆమె డబ్బాలు రెండూ అతని ముందు పెట్టింది. మూతలు తీయలేదని అతను చూశాడు.

"పోయినేడు ఎందుకు సేసినావు మావా?"

అతను డబ్బాలు పెట్టెలో సర్దుతూ అన్నాడు. "నువ్వు నాల్రోజులు అన్నం ముట్టలేదు. సూడలేకపోయాను." పెట్టె మూత వేసి మళ్లీ అన్నాడు. "మే నెలలో ఫిర్‌తిన్ బాయి బిందెలెత్తుకుని నడిసెల్తా నన్ను సూసి ఆగింది. కాకా, సెరువు నిండిందని నువ్వే కదా రాసినావు, మరి నీళ్లేటయ్యాయి అనడిగింది. ఎటకారం కాదు పైడీ. నిజంగానే అడిగింది. నాకు తెలుస్తాదనుకుంది."

పైడమ్మ గోడకి చేరబడింది.  అక్కణ్ణించే అడిగింది. "దొంగ గీత మీద తేదీ ఎందుకేసినావు?"

"తేదీ లేకుండా ఎలాగేస్తాను?" అన్నాడు సూర్యారావు, నిజంగానే అర్థం కానట్టు.

శనివారం సాయంత్రం కాలవ కట్టేశారు. నీళ్లు గీతని తాకలేదు. ఇంకా రెండు వేళ్ల ఎడం మిగిలే ఉంది. పైఊళ్లలో తొమ్మిది పంపులూ ఆఖరి గంట దాకా తిరిగాయి, అర్జీ ఏమైందో ఈనాటికీ ఎవరికీ తెలియదు. కూరకి వేసిన దోస మడులు వారం రోజుల్లో గడ్డిలా ఎండిపోయాయి. కాలనీలో కాయలు అడిగినవాళ్లందరి మీదా ఆమె ఆ నెలంతా విరుచుకుపడింది, కొందరు అడగడమే మానేశారు. బిసాహు రెండు నెలలు మాట్లాడలేదు. జూన్‌లో వాన పడే దాకా చెరువు అడుగున నీళ్లయితే నిలిచాయి.

విత్తనానికి విడిచిన ఇరవై పాదుల్లో ఆమె మూడింటిని ఎంచుకుంది. మిగతా పదిహేడింటి వంక చూడడం మానేసింది. ఆదివారం నుంచి సూర్యారావు పొద్దున్నే ఇంటి కుళాయి దగ్గర రెండు డబ్బాలు పట్టి, మోపెడ్‌కి అటొకటి ఇటొకటి కట్టుకుని, లారీల మధ్యన ఇరవై కిలోమీటర్లు వెళ్లి, ఆ మూడు పాదులకీ పోసి వచ్చేవాడు. నడుం నొప్పని ఒక్కరోజూ అనలేదు, ఆమె వద్దని ఒక్కరోజూ అనలేదు. మే రెండో వారానికి అయిదు కాయలు పండాయి. ఒకటి లోపల కుళ్లిపోయింది.

నాలుగు కాయల గింజలు కడిగి, బూడిదలో ఆరబెట్టి, కాగితంలో పొట్లం కట్టింది. కట్టిన పొట్లం పట్టుకుని అరుగు మీద కూర్చున్న మొగుడి దగ్గరికి వచ్చి, తేదీ వెయ్యమని ఇచ్చింది.